85, 90, 99: చేదు చాక్లెట్‌లో మీ నోటికి ఏది?

85 శాతం కోకో ఉన్న చాక్లెట్ కొనాలా, 90 కొనాలా, ఏకంగా 99 కొనాలా అని అడిగేవాళ్లను నేను తిరిగి ఒక మాట అడుగుతాను. మీకు కాకరకాయ వేపుడు ఇష్టమా, నేరేడు పండ్లు ఇష్టమా, చింతచిగురు పప్పు ఇష్టమా? ఆ జవాబును బట్టి ఏ చాక్లెట్ కొనాలో చాలావరకు చెప్పొచ్చు. రేపర్ మీద పెద్ద అంకెల్లో ఉండే పర్సెంట్‌ను బట్టి మాత్రం చెప్పలేం. ఐదారేళ్లుగా నేను చక్కెర దాదాపు లేని చాక్లెట్లే తింటున్నాను. హనుమకొండ సూపర్ మార్కెట్లలో దొరికినవి, హైదరాబాద్ పోయినప్పుడు తెచ్చుకున్నవి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి. అంకె ఒక్కటే చూసి కొన్నప్పుడల్లా సగం బార్ ఫ్రిజ్‌లోనే మిగిలిపోయింది.

చక్కెర తీసేస్తే చాక్లెట్‌లో మిగిలేదాన్ని అందరం 'చేదు' అనేస్తాం. నిజానికి అందులో మూడు రుచులున్నాయి. అసలు చేదు ఒకటి. అది కోకో గింజలో ఉండే థియోబ్రోమిన్, కెఫీన్ వల్ల, గింజను వేయించినప్పుడు పుట్టే పదార్థాల వల్ల వస్తుంది. రెండోది వగరు. గింజలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం బిగుసుకున్నట్టు, నోరు ఆరిపోయినట్టు అవుతుంది. మూడోది పులుపు. గింజల్ని పులియబెట్టినప్పుడు పుట్టే ఆమ్లాల్లో కొంత చివరిదాకా మిగిలిపోతుంది. ఏటా ఉగాది పచ్చడి తినే మనకు ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. వేపపువ్వు చేదు వేరు, మామిడి పిందె వగరు వేరు, చింతపండు పులుపు వేరు. చాక్లెట్ దగ్గరికొచ్చేసరికి అన్నింటినీ ఒకే గంపలో వేసి, 'నాకు చేదు పడదు' అని పక్కన పెట్టేస్తాం. చాలామందికి పడనిది చేదు కాదు, వగరు. కాకరకాయ ఇష్టంగా తినేవాళ్లు కూడా వగరు ఎక్కువున్న చాక్లెట్‌ను ఉమ్మేయడం చూశాను.

పర్సెంట్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. 85 శాతం అంటే ఆ బార్ బరువులో వందకు 85 వంతులు కోకో గింజ నుంచి వచ్చినవి, మిగతాది దాదాపు అంతా చక్కెర. ఆ 85 వంతుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కోకో బటర్, అంటే గింజలోని కొవ్వు. దానికి చేదు ఉండదు, నోట్లో వెన్నలా కరుగుతుంది. రెండోది కొవ్వు పోగా మిగిలే నల్లటి పొడి. చేదూ వగరూ అన్నీ అందులోనే ఉంటాయి. ఒక కంపెనీ ఎక్కువ బటర్ వేసి 85 చేయొచ్చు, ఇంకో కంపెనీ ఎక్కువ పొడి వేసి 85 చేయొచ్చు. అంకె ఒకటే, నోట్లో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

దీనికి నేను చెప్పే ఉదాహరణ స్విట్జర్లాండ్ కంపెనీ లిండ్ట్ చేసే ఎక్సలెన్స్ బార్. దాని 85 బార్‌లో 100 గ్రాములకు కొవ్వు దాదాపు 46 గ్రాములు, చక్కెర దాదాపు 15 గ్రాములు. 90 బార్‌లో కొవ్వు దాదాపు 55 గ్రాములు, చక్కెర 7 గ్రాములే. చక్కెర సగానికి పడిపోయినా కొవ్వు పెరిగింది కాబట్టి, 90 తిన్నవాళ్లలో చాలామందికి అది 85 కన్నా మెత్తగా, సాఫీగా అనిపిస్తుంది. మెట్లెక్కినట్టు 70, 85, 90 అని వరసగా పోయేవాళ్లు 85 దగ్గర ఆగిపోయి 'ఇక నా వల్ల కాదు' అంటుంటారు. వాళ్లకు నా సలహా, 85ను దాటేసి 90 ఒకసారి నోట్లో వేసుకోండి.

ఇది పుస్తకం మాట కాదు, మా ఇంట్లో చూసిందే. బాపుకు షుగర్ వచ్చినప్పటి నుంచి, అన్నం తిన్నాక ఆయనకు నోట్లో ఏదో ఒకటి పడాలి. నిరుడు డిసెంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం స్టీలు పళ్లెంలో నాలుగు రకాలు ముక్కలు చేసి పెట్టాను. ఒక్కోదాని కింద నంబర్ రాసిన చీటీ. 1 అమూల్ 90, 2 లిండ్ట్ 85, 3 లిండ్ట్ 90, 4 లిండ్ట్ 99. పేర్లు ఎవరికీ చెప్పలేదు. మధ్యలో నోరు పుక్కిలించడానికి గోరువెచ్చని నీళ్లు.

తమ్ముడు రోజుకు మూడుసార్లు బ్లాక్ కాఫీ తాగే మనిషి. వాడు నేరుగా 1 మీద పడ్డాడు. చేదు ముందే ఎదురొచ్చి, కొంచెం మాడిన వాసనతో గట్టిగా తగిలేది వాడికి కావాలి. బాపు 2 తిని 'బాగుంది', 3 తిని 'ఇది ఇంక బాగుంది' అన్నాడు. అమ్మ మొదటి ముక్కకే మొహం ముడిచింది. 2 తిని, 'వేపపుల్ల నమిలినట్టున్నది బిడ్డా' అంది. 3 దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'ఇండ్ల చక్కెర ఎక్కువేసిండ్రా? గిది మంచిగున్నది' అంది. తక్కువ వేశారని చెబితే నమ్మలేదు. లేబుల్ చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

ఇక 4. 99 శాతం. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఎందుకంటే దీన్ని తప్పుగా తిని, జన్మలో మళ్లీ ముట్టనివాళ్లు ఎక్కువ. లిండ్ట్ 99 మామూలు బార్ కన్నా పలచగా, 50 గ్రాములే వస్తుంది. 100 గ్రాములకు చక్కెర ఒక గ్రాము. దీన్ని పాల చాక్లెట్ లెక్క పటపటా నమిలితే పొడి మొత్తం ఒకేసారి నోటికి పట్టేస్తుంది. సున్నం లేకుండా వక్క నమిలినట్టే. అలా కాకుండా గోరంత ముక్క తుంచి, నాలుక మీద పెట్టి, అంగిలికి ఆనించి ఊరుకోవాలి. మొదటి పది సెకన్లు ఏ రుచీ తెలియదు, మైనం ముక్క లెక్క ఉంటుంది. తర్వాత అంచులు కరగడం మొదలవుతుంది. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన నోరు అంతకన్నా కొంచెం వేడిగా ఉంటుంది కదా. అప్పుడు ముందుగా చేదు వస్తుంది, దాని వెనకే వగరు. ఇక్కడే చాలామంది నీళ్లు తాగేస్తారు. తాగొద్దు. ఇంకో అర నిమిషం ఆగితే ఆ చేదు వెనక నుంచి కాల్చిన పల్లీ వాసన, తడిసిన మట్టి వాసన, ఒక్కోసారి ఎండు ఖర్జూరం లాంటి వాసన తేలుతుంది. నాకు 99 మీద ప్రేమ పుట్టింది ఆ అర నిమిషం వల్లే. ఉసిరికాయ తిన్నాక నీళ్లు తాగితే తియ్యగా అనిపిస్తుంది కదా, అందులో ఉండే తృప్తి లాంటిదే ఇదీ. బాపు 99ను ఒప్పుకోలేదు. అమ్మ మాత్రం ఒక చిటికెడు ఉప్పు అద్దుకుని రెండో ముక్క తీసుకుంది. ఉప్పు చేదును అణుస్తుంది, కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించే చేతికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు.

99 కొనాలనుకుంటే అమూల్‌లో కూడా 99 ఉంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు ఖరీదైన విదేశీ బార్‌తో మొదలుపెట్టాల్సిన పని లేదు. కాకపోతే ధర పోల్చేటప్పుడు బార్‌కు బార్ పోల్చకండి. ఒకటి 50 గ్రాములు, ఇంకోటి 100, వేరేది 125 ఉంటాయి. పది గ్రాములకు ఎంత పడుతుందో చూసుకోండి. ఈ మధ్య ధరలు ఎందుకిలా పెరిగాయని అడిగేవాళ్లున్నారు. ప్రపంచం తినే కోకోలో సగానికి పైగా పశ్చిమ ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా ఐవరీ కోస్ట్, ఘనాల నుంచి వస్తుంది. అక్కడ వానలు, తెగుళ్ల వల్ల పంట దెబ్బతిని, 2024లో టన్ను కోకో ధర మొదటిసారి 10,000 డాలర్లు దాటింది. కోకో ఎక్కువున్న బార్ల మీద ఆ దెబ్బ ఎక్కువ పడింది.

మన పక్క పంట గురించి చెప్పకుండా ముందుకు పోలేను. దేశంలో కోకో ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్. ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి ఏలూరు వైపు పోతే కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో కోకో చెట్లు కనిపిస్తాయి. కాయ కోసి పగలగొడితే లోపల తెల్లటి గుజ్జులో గింజలుంటాయి. సీతాఫలం గుజ్జు చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు. ఆ గుజ్జుతోనే గింజల్ని కుప్పగానో, చెక్కపెట్టెల్లోనో వేసి, పైన అరటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. దోసె పిండి పులిసినట్టే ఇదీ. సరిగ్గా పులిస్తేనే తర్వాత వేయించినప్పుడు చాక్లెట్ వాసన వస్తుంది. సగం పులిసిన గింజలో వగరు దండిగా ఉంటుంది. అంటే మీరు తిన్న బార్ పళ్లు పట్టేసేంత వగరుగా ఉంటే, తప్పు చక్కెర తక్కువవడంలో కాదు, తోట పక్కన ఆ ఐదారు రోజుల పనిలో ఉండొచ్చు. గోదావరి గింజతో, గింజ నుంచి బార్ దాకా అంతా తామే చేసే 'మనం చాక్లెట్' 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో తెరిచారు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో మేసన్ అండ్ కో, కొచ్చిలో పాల్ అండ్ మైక్, పొల్లాచ్చి వైపు సోక్లెట్ లాంటివాళ్లు కూడా మన దేశపు గింజతోనే చేస్తున్నారు. ఇలాంటివాళ్ల డార్క్ బార్లలో పండ్లలో ఉండేలాంటి పులుపు బాగా తెలుస్తుంది, ఎందుకంటే గింజను మరీ మాడ్చకుండా వేయిస్తారు. చింతచిగురు, గోంగూర అంటే ప్రాణం పెట్టేవాళ్లకు నేను చూపించే దారి ఇదే. పెద్ద కంపెనీ 90 కన్నా, ఇలాంటి చిన్న తయారీదారుల 80, 85 మీకు బాగా నచ్చుతాయి. విదేశీ గింజల్లో పులుపుకు పేరుపడ్డది మడగాస్కర్.

రంగును చూసి మోసపోకండి. ఎంత నల్లగా ఉంటే అంత అసలైనదని మనలో ఒక నమ్మకం ఉంది. కోకో పొడిని క్షారంతో శుద్ధి చేస్తే నలుపు పెరుగుతుంది, పులుపు పోతుంది, చేదు కూడా కొంత తగ్గుతుంది. 19వ శతాబ్దంలో హాలెండ్‌లో వాన్ హూటెన్ కుటుంబం మొదలుపెట్టిన పద్ధతి ఇది. లేబుల్ మీద కోకో పక్కన యాసిడిటీ రెగ్యులేటర్ 500 అనో 501 అనో ఉంటే అదే. ఏ శుద్ధీ లేని 100 శాతం చాక్లెట్ చాలాసార్లు ఇటుక రంగు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. క్షారం కలిపింది తినకూడదని నేననను. పులుపు అసలే పడనివాళ్లకు అదే బాగుంటుంది. నాకైతే పులుపు పోయిన చాక్లెట్ పోపు వేయని పప్పులా అనిపిస్తుంది.

లేబుల్ చదివేటప్పుడు ఇంకో రెండు చూడండి. మొదటిది 'షుగర్ ఫ్రీ' అనే మాట. చక్కెర లేనిదీ, షుగర్ ఫ్రీ అని రాసినదీ ఒకటి కాదు. రెండోదాంట్లో చాలాసార్లు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థం ఉంటుంది. బాపు కోసం మొదట నేను తెచ్చింది అదే. తియ్యగా ఉందని ఒక్క పూటలో సగం బార్ తినేశాడు, రాత్రంతా కడుపు ఉబ్బి, బాత్‌రూమ్ చుట్టూ తిరిగాడు. మాల్టిటాల్ ఎక్కువైతే అలాగే అవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. అదీగాక అది రక్తంలో చక్కెరను అసలే పెంచదనడం కూడా నిజం కాదు, మామూలు చక్కెర కన్నా తక్కువ పెంచుతుంది, అంతే. రెండోది, కోకో బటర్ బదులు 'హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్' అని ఉంటే అది కాంపౌండ్. బేకరీ సామాన్ల దుకాణాల్లో పెద్ద పలకలుగా అమ్మేది ఎక్కువగా ఇదే. కేకుల మీద పూతకు పనికొస్తుంది. చేదు రుచి వెతుక్కునేవాళ్లకు కాదు.

బార్ కాకుండా వేరే దార్లు కూడా ఉన్నాయి. కోకో నిబ్స్ అంటే వేయించి పొట్టు తీసి నలగ్గొట్టిన గింజ పలుకులు. పళ్ల కింద కరకరలాడతాయి, పెరుగులోనో అరటిపండు మీదో చల్లుకోవచ్చు. ఒట్టిగా తినడానికి నేను ఇష్టపడను. చక్కెర లేని కోకో పొడి అన్నింటికన్నా చవక. ఒక చెంచా పొడిని కొద్దిగా వేడి నీళ్లతో ముద్దలా కలుపుకుని, తర్వాత పాలు పోసుకుంటే గడ్డలు కట్టదు. కొనేటప్పుడు 'డ్రింకింగ్ చాక్లెట్' డబ్బా తీసుకురాకండి. దాంట్లో సగానికి పైగా చక్కెరే ఉండటం మామూలు. ఇక 70 శాతం బార్‌లో 100 గ్రాములకు దాదాపు 30 గ్రాములు చక్కెర ఉంటుంది కాబట్టి ఈ పోలికలోకి రాదు. పాల చాక్లెట్ నుంచి మారేవాళ్లకు ఒక నెల రోజులు పనికొస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, 90 రోజూ తినొచ్చా అని. అది మీ డాక్టర్ చెప్పాల్సిన మాట. నేను చెప్పగలిగింది, చక్కెర తక్కువంటే క్యాలరీలు తక్కువని కాదు. బార్‌లో సగం కొవ్వే. పది గ్రాములకు 60 క్యాలరీల దాకా ఉంటాయి. కిడ్నీలో రాళ్ల బాధ ఉన్నవాళ్లు కూడా అడిగి తినాలి, రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్లు కోకోలో ఎక్కువ. సీసం, కాడ్మియం అనే హానికర లోహాల సంగతి కూడా తెలుసుకోండి. 2022 డిసెంబర్‌లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 28 డార్క్ బార్లను పరీక్షిస్తే అన్నింటిలోనూ ఈ లోహాలు కనిపించాయి. రోజుకు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు తింటే 23 బార్లలో కనీసం ఒక లోహం వాళ్లు పెట్టుకున్న హద్దు దాటుతుందని తేలింది. కోకో ఎక్కువున్న బార్‌లో ఇవీ ఎక్కువయ్యే వీలుంది. అందుకే మా ఇంట్లో మనిషికి రోజుకు పది గ్రాములు మించదు, ఒకే కంపెనీది నెలల తరబడి తినం. పిల్లలకు, గర్భిణులకు రోజువారీ అలవాటు చేయొద్దు. సాయంత్రం ఆరు దాటాక తింటే నాకు నిద్ర పట్టదు, కెఫీన్ ఉంది కదా. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనంత ఎత్తులో పెట్టండి, థియోబ్రోమిన్ కుక్కలకు విషం, అదీ ఈ చేదు రకాల్లోనే ఎక్కువ.

ఎప్పుడు తినాలన్నది కూడా ఎంపికలో భాగమే. లడ్డూ తిన్న నోటికి 85 కూడా విషంలా ఉంటుంది. ఎర్ర కారం వేసుకుని అన్నం తిన్న వెంటనే తింటే నాలుకకు మంట తప్ప ఏ రుచీ అందదు. భోజనమయ్యాక అరగంట ఆగండి. జతకు పచ్చి కొబ్బరి ముక్కగానీ, వేయించిన పల్లీలుగానీ బాగుంటాయి. చలికాలం మొదట్లో మనవైపు సీతాఫలాలు దొరికే రోజుల్లో, రెండు చెంచాల గుజ్జు తిని ఆ తీపి నోట్లో ఉండగానే 99 ముక్క పెట్టుకుని చూడండి. లడ్డూ మీద పనికిరాని చాక్లెట్, ఆ పండు వాసనతో మాత్రం కలిసిపోతుంది. సర్వపిండితో ప్రయత్నించాను, కుదరలేదు.

చివరికి మన ఎండలు. ఓరుగల్లు ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు మామూలు. ఒకసారి మే నెలలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పార్సిల్ విప్పితే, నాలుగు బార్లూ రేపర్ ఆకారానికి కరిగి, మళ్లీ గడ్డకట్టి, పైన తెల్లటి బూజు లాంటి పూతతో ఉన్నాయి. అది బూజు కాదు, కరిగిన కోకో బటర్ పైకి తేలి గడ్డకట్టడం. తింటే ప్రమాదమేమీ లేదు, కానీ ఆ నునుపు పోతుంది, నోట్లో సుద్ద లెక్క ఉంటుంది. 99 లాంటి బార్‌కు ఆ నునుపే ప్రాణం. కాబట్టి ఖరీదైనవి నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు తెప్పించుకోండి. ఎండాకాలంలో దుకాణంలో ఏసీలోనో ఫ్రిజ్‌లోనో పెట్టినదే అడగండి. విరిస్తే టక్‌మని చప్పుడు రావాలి, పైభాగం నిగనిగలాడాలి. ఇంట్లో రేకు కాగితంతో సహా గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కోకో బటర్ పక్కనున్న వాసనలన్నీ పట్టుకుంటుంది, ఇంగువ డబ్బా పక్కన మూత లేకుండా పెట్టిన బార్‌ను మళ్లీ చాక్లెట్ అనలేం. తినడానికి అరగంట ముందు డబ్బా బయటపెట్టి, మూత తీయకుండా అలాగే ఉంచండి. వెంటనే తెరిస్తే చెమ్మ పడుతుంది. మరీ చల్లగా ఉన్న ముక్క నోట్లో కరగదు, రుచి విప్పుకోదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ డబ్బాలో మూడున్నాయి. తమ్ముడి అమూల్ 90, బాపుకూ అమ్మకూ కలిపి లిండ్ట్ 90, నా 99. అమ్మ తన ముక్క కోసం డబ్బా తీసినప్పుడల్లా నా బార్‌లోంచి కూడా ఒక గోరంత తుంచుకుంటోంది, ఉప్పు లేకుండానే.